రెండు సెకన్ల ఖాళీ

ఎర్రమెట్ట మకాం, మరమ్మతు కొట్టు పుస్తకం
రాస్తున్నది: లంక సత్యవేణి

మకాం రోజు 2107

మూడో నీటి పంపుకు వాషరు మార్చాను. వంటశాల తలుపు కీచుమంటోందని గోల పెడితే వెళ్ళి నూనె వేసి వచ్చాను. మధ్యాహ్నం భూమి నుంచి జతగాడి కొత్త కూర్పు దిగింది. కుజుడి మీదే కాపురం పెట్టిన మాకు వేరే కుజదోషం ఏముంటుందని అంటుంటారు కానీ, ఉంది. దాని పేరు జతగాడు.

ఎవరైనా కొత్తగా వచ్చి ఈ పుస్తకం తిరగేస్తే తెలియడానికి రాస్తున్నాను. మా మకాంలో ప్రతివాళ్ళకీ ఒక పాటబిళ్ళ ఉంటుంది. మూతితొడుగు పక్కన అతుక్కుని చెవిలో పాడుతుంది. వరి మడుల్లో గాలి మొక్కలకోసం, మనుషులకోసం కాదు. తొడుగు లేకుండా లోపలికి వెళ్ళకూడదు, తొడుగు పెట్టుకుని పాడకూడదు. ఒకటి రెండు మాటలు అనొచ్చు కానీ పాట ఎత్తుకుంటే సీసాలో గాలి గంటకే అయిపోతుంది. పాట లేకుండా వరస తప్పకుండా నాటే మనుషులను నేనింకా చూడలేదు. అందుకని పాట బిళ్ళలోంచి రావాలి. బిళ్ళలోకి పాట ఎక్కించే పెత్తనమంతా జతగాడు అనే సాఫ్ట్‌వేర్‌ది.

దాని ఘనకార్యాలు మూడేళ్ళుగా ఇక్కడ రాస్తూనే ఉన్నాను. కొట్టులోని పెద్దయంత్రానికి బిళ్ళను మూడుసార్లు గుచ్చితేగానీ గుర్తుపట్టదు. రెండుసార్లకు పలకదు, నాలుగోసారి గుచ్చితే అలుగుతుంది. పాడిన మనిషి పేరు ఎన్నిసార్లు రాసినా 'తెలియని గాయని' అని మార్చేస్తుంది. నిరుడు నాట్ల పాటలో ఉన్న నలభై మూడు చరణాలనూ అకారాది క్రమంలో పేర్చింది. పాటలో ఎక్కడో ముప్ఫయ్యోది 'అంబలేళయ్యింది అప్పలమ్మా, గట్టెక్కవే' అనే చరణం. అకారాదిలో అదే మొదటిది. ఉదయం ఏడింటికి మడిలో దిగిన పన్నెండు మంది ఒక్క మొక్కైనా నాటకుండా గట్టెక్కి కూర్చున్నారు. పాట చెప్పాక ఇంకెవరు చెప్పినా వాళ్ళు వినరు.

చరణాలకు అంకెలు వేసి అది సరిచేశాను. సరిచేయలేనిది ఇంకొకటుంది. చరణానికీ చరణానికీ మధ్య జతగాడు రెండు సెకన్ల ఖాళీ పెడతాడు. నడుము వంచి, చేతిలో నారు పట్టుకుని, పన్నెండు మందీ ఆ రెండు సెకన్లు అలాగే బిగుసుకుని నిలబడతారు. ఆ ఖాళీ లేకుండా చేయండి మహాప్రభో అని నేను భూమికి రాసిన ఫిర్యాదుకు మొన్నటితో మూడేళ్ళు నిండాయి.

ఇప్పుడీ కొత్త కూర్పులో బిళ్ళకు చెవులు వచ్చాయి. మీటలు నొక్కక్కర్లేదు, తెలుగులో చెబితే వింటుందట. బురద చేతులవాళ్ళకు మంచిదే కదా అని అందరి బిళ్ళల్లోనూ ఎక్కించాను. ఆ పని చేసింది నేనేనని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మకాం రోజు 2108

పైడమ్మప్ప పాట పోయింది.

పైడమ్మప్ప నాట్ల ముఠాకు పెద్ద. అరవై రెండేళ్ళు, మనిషి ఇంత, మాట అంత. మూడేళ్ళ కిందట ధూళి తుఫానులో తొడుగు చిరిగి గొంతు పోయింది. మాటైతే మిగిలింది కానీ తుప్పు పట్టిన గొళ్ళెం లాగినట్టు గరగరమంటుంది. పాట పూర్తిగా పోయింది. అదృష్టం ఏమిటంటే, అంతకు ముందే వంటశాలలో గుండిగ బోర్లించి వాయిస్తూ, పూటకో చరణం చొప్పున నాట్ల పాట మొత్తం బిళ్ళలో పట్టించుకుంది. అప్పటినుంచి మడిలో ఆమె ముఠాతో నోరు విప్పలేదు. చేత్తో సైగ చేస్తుంది. ఆమె బిళ్ళలోని పాత గొంతే అందరి చెవుల్లోనూ మోగుతూ ముఠాను నడిపిస్తుంది.

ఈరోజు నారుమడిలో విత్తనాలు చల్లుతున్నారు. పదింటికి ఆమె బిళ్ళ పట్టుకుని కొట్టుకు వచ్చింది.

"వేణీ, నా పాట కనపడ్డం లేదే."

"ఎక్కడికి పోతుందప్పా? ఏం చేశావు దీన్ని?"

"నానేటి సేత్తాను? తొమ్మిదింటికి గట్టెక్కినాను, అంబలి తాగొచ్చినాను. పాట పెట్టవే అంటే పాటలు లేవు అంటంది."

"గట్టెక్కే ముందు దీనితో ఏమైనా మాట్లాడావా?"

"మాటాడమన్నావు కదేటి, మాటాడినాను. తీసె..."

అక్కడే అందుకున్నాను నేను. "తీసెయ్యమన్నావా! తీసెయ్యమంటే చెరిపేస్తుందప్పా! పాట పెట్టు, పాట ఆపు, ఈ రెండూ తప్ప ఇంకేమీ అనొద్దని నిన్ననే చెప్పానా లేదా?"

ఆమె నోరు మూసుకుంది. నేను ఇంత కేకలు వేయడం ఆమె ఎప్పుడూ వినలేదు. నాకు కోపం వస్తే చెవులు పనిచేయవు, ఇది మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే.

పోనీలే, కొట్టులో పెద్దయంత్రంలో నకలు ఉంది కదా అని బిళ్ళను గుచ్చాను. మూడోసారికి గుర్తుపట్టింది. 'రెండు చోట్లా ఒకేలా ఉంచమంటారా?' అని అడిగింది. అవును అని నొక్కాను. పెద్దయంత్రంలోని పాట బిళ్ళలోకి వస్తుందనుకున్నాను. జతగాడు బిళ్ళలోని ఖాళీని పెద్దయంత్రంలోకి తెచ్చాడు.

పైడమ్మప్పకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

మకాం రోజు 2111

సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేశాను. ప్రస్తుతం మన మాట భూమికి చేరడానికి పద్దెనిమిది నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో పద్దెనిమిది. ముప్ఫయ్యారు నిమిషాలకు జవాబు వచ్చింది.

'నమస్కారం! మీ సమస్య విని మాకు బాధ కలిగింది. మీ బిళ్ళ రంగు ఏమిటి?'

నీలం అని పంపాను. ముప్ఫయ్యారు నిమిషాలు కూర్చున్నాను.

'పది నిమిషాలుగా మీ నుంచి జవాబు లేదు గనుక మీ సమస్య తీరిందని భావించి ఫిర్యాదు మూసివేస్తున్నాం. మీ ఆనందమే మా ఆనందం.'

ఇలా ఈరోజు అయిదుసార్లు నా సమస్య తీరింది. అయిదోసారి మూసేముందు ఒక సలహా కూడా ఇచ్చారు, బిళ్ళను పూర్తిగా తుడిచి మళ్ళీ మొదలుపెట్టమని.

మకాం రోజు 2117

మడుల అధికారి ఈశ్వరరావు గారు కొట్టుకు వచ్చారు. కోనసీమ మనిషి. కసురుకున్నా మర్యాదగానే కసురుకుంటారు.

"ఏవండీ సత్యవేణి గారూ, నాట్లు ఇరవై రెండు రోజుల్లో ఉన్నాయండి. వరస వంకర పోయిందనుకోండి, కలుపు బండి చక్రం మొక్కల మీదే ఎక్కేస్తదండి. తుడిచేయమన్నారంటగా, తుడిచేయండి మరి. ఆయ్, ఇంకో పాట పెట్టుకుందాం."

తుడవలేదు. ఎందుకంటే ఏమీ చెప్పలేను. భూమివాళ్ళు చెప్పిన పని వెంటనే చేసే అలవాటు నాకు లేదు, అంతే.

ఇంకో పాట మాత్రం ప్రయత్నించాం. ముఠాలో చిన్నమ్మడు గొంతు బాగుంటుందని అదే పాట ఆమెతో పాడించి పట్టాను. మంచి గొంతే, కానీ ఆ పిల్లకు అన్నిటికీ తొందర. ఖాళీ మడిలో పుల్లలు పాతించి చూస్తే అరగంటలో అందరికీ ఆయాసం వచ్చింది. వెనక్కి నడుస్తూ నడుస్తూ ఇద్దరు గట్టుకు తగిలి కూలబడ్డారు. ఆ తరువాత ఈశ్వరరావు గారు ఈల ఊదారు. వరస పాములా వచ్చింది. చివరికి జతగాడు కూడా తనవంతుగా 'మీకు ఇదీ నచ్చవచ్చు' అంటూ కసరత్తు సంగీతం ఒకటి వినిపించాడు. దానికి నాటితే మా వరి మొలకలు భయపడతాయి.

పైడమ్మప్ప గట్టు మీద కూర్చుని అంతా చూసింది. నవ్వలేదు. ఇలాంటివాటికి నవ్వకుండా ఉండే మనిషి కాదు ఆమె.

మకాం రోజు 2124

ఉదయం పైడమ్మప్ప తన మూతితొడుగు తెచ్చి బల్ల మీద పెట్టింది. శుభ్రంగా కడిగి తెచ్చింది.

"ఇది ఎవులికైనా ఇచ్చియే. నాను వంటశాలకెల్తాను. ఉల్లిపాయలు కోసీడానికి పాటక్కర్లేదు."

"అప్పా, అలా అనకు."

"మరెలగనమంటావే? గొంతు ఓపాలి దుమ్ము అట్టుకుపోనాది. సర్లే, బిళ్ళలో ఉంది గదా అనుకున్నాను. ఇప్పుడదీ పోనాది. పాటలేని పెద్దముండ మడిలో నిలబడి ఏటి సేత్తాది, సైగలా?"

తట్టుకోలేకపోయాను. పెద్దయంత్రంలోని నకలు పోగొట్టింది నేనని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "పోన్లే, మిషన్ని నమ్మినావు" అంది. అని వంటశాల వైపు వెళ్ళిపోయింది.

తొడుగు ఎవరికీ ఇవ్వలేదు. నా సొంత పెట్టెలో పెట్టాను. ఆవేళ ఏ పంపూ బాగు చేయలేదు.

మకాం రోజు 2136

జతగాడి సహాయ కేంద్రం గుట్టు తెలిసింది. నేను చెప్పే జవాబు కాదు వాళ్ళకు కావలసింది, పది నిమిషాలకోసారి నా చప్పుడు. ప్రశ్న మొత్తం ఒకేసారి రాసి పంపాను: 'కొత్త కూర్పుకు తెలిసిన తెలుగు మాటలన్నీ, వాటి అర్థాలన్నీ నాకు పంపండి.' ఆ తరువాత వాళ్ళ మాట కోసం చూడకుండా తొమ్మిది నిమిషాలకోసారి 'ఉన్నాను' అని పంపడం మొదలుపెట్టాను.

ఉన్నాను. పంపు బిగించాను. ఉన్నాను. అన్నం తిన్నాను. ఉన్నాను. ఈశ్వరరావు గారు తలుపు దగ్గర నిలబడి, "ఎవరితోనండీ మాట్లాడతన్నారు?" అన్నారు. దేవుడితోనైనా ఇన్నిసార్లు చెప్పుకోలేదండీ అన్నాను.

సాయంత్రానికి 'మీ ప్రశ్న పై అధికారికి పంపాం' అని వచ్చింది. జతగాడి చరిత్రలో ఇది మొదటిసారి.

మకాం రోజు 2137

ఒంటిగంటకు పట్టిక వచ్చింది. రెండు వందల పన్నెండు మాటలు. చదవడం మొదలుపెట్టాను.

'తీయి: తెరుచును. తీసెయ్యి: చెరుపును. తీసుకో: కొత్త పాటను చేర్చుకొనును.' ఆ తరువాతి వరస దగ్గర నా వేలు ఆగిపోయింది.

'తీసిపెట్టు: పాటను ముప్ఫై రోజులు విడిగా దాచియుంచును. జాబితాలో కనిపించదు. జత చేయునప్పుడు వేరే యంత్రానికి పోదు. తీసిపెట్టమన్న గొంతే తెచ్చిపెట్టు అని అడిగిన తిరిగి ఇచ్చును. గడువు దాటినచో చెరిగిపోవును.'

ఈ పట్టిక రాసింది ఎవరోగానీ తెలుగింట్లో పుట్టినవాళ్ళే. చివరి గారె తమకోసం తీసిపెట్టే మనిషి ఉన్న ఇంట్లో పెరిగితేగానీ ఆ మాట తట్టదు.

వంటశాలకు పరుగెత్తాను. పైడమ్మప్ప ఉల్లిపాయల గుట్ట ముందు కూర్చుని ఉంది.

"అప్పా, ఆరోజు గట్టెక్కేముందు బిళ్ళతో ఏమన్నావు? మొత్తం చెప్పు. ఈసారి మధ్యలో నోరెత్తను."

"ఇప్పుడెందుకే అదంతా?"

"చెప్పప్పా!"

"తీసెట్టవే అన్నాను. నాను అంబలి తాగొచ్చీదాకా నా పాట తీసెట్టవే అన్నాను. నా వొంతు తీసెట్టమనడం తప్పేటి?"

ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. ఉల్లిపాయలు ఉండబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆమె 'తీసె' అన్నప్పుడు ఇంకొక్క క్షణం ఆగి ఉంటే ఈ నెలరోజులూ ఉండేవి కావు. అదే మాట ఆమెతో అన్నాను. "నీకు నోరెక్కువని నాకు తెల్దేటి" అంది.

పాట తీసిపెట్టింది 2108 ఉదయం తొమ్మిదింటికి. ముప్ఫై రోజులంటే రేపు తొమ్మిది దాకా గడువుంది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. పట్టిక రాసింది భూమి మీద. మన రోజు వాళ్ళ రోజుకంటే ముప్ఫై తొమ్మిది నిమిషాలు పొడుగు. వాళ్ళ ముప్ఫై రోజులు మనకు ఇరవై తొమ్మిది రోజుల అయిదు గంటలైనా కావు. అంటే గడువు ఈరోజే, రెండింటికి ఇంకా పది నిమిషాలు ఉండగానే తీరిపోతుంది. గోడ గడియారంలో ఒంటిగంట దాటి ఇరవై నిమిషాలు.

బిళ్ళ ఆమె మూతి దగ్గర పెట్టాను. "స్పష్టంగా చెప్పప్పా. తెచ్చిపెట్టు. ఒక్కొక్క అక్షరం."

ఆమె చీర సర్దుకుని, గొంతు సవరించుకుని, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా నిలబడింది. "తె-చ్చి-పె-ట్టు."

'గొంతు పోల్చలేకపోయాను' అంది బిళ్ళ.

మంచినీళ్ళు తాగించాను. ఇంకా మెల్లగా, ఇంకా తీయగా అంది. పోల్చలేకపోయింది. మూడోసారి "దయచేసి" కూడా చేర్చింది. 'పోల్చలేకపోయాను. ఇక ఒక్క అవకాశమే ఉంది. అది తప్పితే రేపు ప్రయత్నించండి.'

రేపటికి ఏమీ ఉండదు. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని చుట్టూ మూగారు. "నా గొంతు పోయిందే వేణీ. ఇది ఎవులి గొంతని పోల్చుద్దే?" అంది పైడమ్మప్ప.

అప్పుడు నాకు వెలిగింది. "అప్పా, నువ్విప్పుడు మాట్లాడింది నీ గొంతు కాదు. ఆరోజు దీనితో ఎలా అన్నావో అలా అను. నన్ను తిట్టేటప్పుడు ఎలా ఉంటావో అలా."

ఆమె బిళ్ళ కేసి చూసింది. నెల రోజుల దుఃఖమంతా కోపమై మొహంలోకి వచ్చింది.

"ఒసే! నీకు నమ్మి ఇచ్చినాను గదే! నా పాట నాకు తెచ్చెట్టవే దొంగమొకందానా!"

గొంతు గరగరలాడింది, మధ్యలో చీలింది, చివర్లో దగ్గు వచ్చింది. బిళ్ళ రెండు సెకన్లు ఏమీ అనలేదు. తరువాత గుండిగ మీద దరువు వినిపించింది, దాని వెనకే మూడేళ్ళ కిందటి పైడమ్మప్ప, గుండెల నిండా గాలితో.

'వంగి నాటవే వదినమ్మా, వరస తప్పకే...'

పైడమ్మప్ప కూలబడి, కొంగుతో మొహం కప్పుకుని, కాసేపటికి కొంగులోంచే అంది. "దరువు కొంచం గట్టిగా కొట్టీసినాను."

పాటను మూడు వేరువేరు యంత్రాల్లోకి నకలు తీశాను. ఆ మూడూ జతగాడికి తెలియవు.

మకాం రోజు 2139

నాట్లు. నా పెట్టెలోంచి తొడుగు తీసి నా చేతులతోనే పైడమ్మప్పకు తొడిగాను. బిళ్ళ చెవుల మీద అన్నం మెతుకులతో కాగితం అతికించాను, ఎవరూ ఏమీ తీయమనకుండా.

నేను గట్టు మీద ఉన్నాను, తొడుగులోని రేడియోలోంచి వాళ్ళ మాటలు నా చెవిలోకీ వస్తున్నాయి. మొదటి చరణం అయింది. రెండు సెకన్ల ఖాళీ వచ్చింది. పన్నెండు మందీ ఎప్పటిలాగే బిగుసుకున్నారు. ఆ ఖాళీలో ఒక గరగర గొంతు "జరగండే" అంది. అందరూ ఒక్కసారే ఒక అడుగు వెనక్కి జరిగారు. పాట అందుకుంది. మళ్ళీ ఖాళీ. "సిన్నమ్మడూ, తొందరొద్దే." మళ్ళీ పాట. మళ్ళీ ఖాళీ. "నడుం ఎత్తండొకపాలి."

మూడేళ్ళుగా ఆమె మడిలో నోరు విప్పలేదని రాశాను కదా. ఈరోజు నలభై రెండుసార్లు విప్పింది. పాత గొంతు పాడింది, ఇప్పటి గొంతు నడిపించింది. నాకు ఎంత సంతోషమైందో రాయడం చేతకాదు. వరస చూసి ఈశ్వరరావు గారు, "దారం పట్టినట్టుందండి బాబూ" అన్నారు.

తొడుగులు విప్పాక చెప్పాను. "అప్పా, నకలు నా దగ్గరే ఉంది కాబట్టి ఆ రెండు సెకన్ల ఖాళీలు నేనే కోసేయగలను. కావాలంటే ఈ పూటే."

"ఆ జోలికెల్లకు" అంది. "పాట దానిది. అవి నావి."

మకాం రోజు 2141

రెండో పంపు బాగు చేశాను. వంటశాల తలుపు మళ్ళీ కీచుమంటోంది.

సాయంత్రం భూమి నుంచి జాబు వచ్చింది. 'మూడేళ్ళ కిందట మీరు తెలిపిన రెండు సెకన్ల ఖాళీ లోపాన్ని మా నిపుణులు అహోరాత్రులు శ్రమించి సరిచేశారు. ఇకపై ఏ పాటలోనూ ఖాళీ ఉండదు. కొత్త కూర్పు సిద్ధంగా ఉంది. ఇప్పుడే ఎక్కించమంటారా?'

పాపం, అంత కష్టపడినవాళ్ళను వద్దని ఎలా అంటాను? నా బిళ్ళ మూతి దగ్గర పెట్టుకుని, చక్కగా, మర్యాదగా చెప్పాను.

"తీసిపెట్టు."